పేదల సేవే నిజమైన ఆరాధనా? క్రైస్తవ విశ్వాసంలో ఈ మాట వెనుక ఉన్న చిక్కుముడి

"పేదలకు చేసే సేవే నిజమైన ఆరాధన" అనే మాట క్రైస్తవుల మధ్య తరచూ వినిపిస్తుంది. విన్నవాళ్లలో కొందరు వెంటనే ఆమేన్ అంటారు. ఇంకొందరికి అనుమానాలు మొదలవుతాయి. మరి ఆదివారం మందిరానికి రావడం, పాడడం, ప్రార్థించడం, ప్రభువు బల్లలో (యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారంలో) పాలుపొందడం ఎందుకు? ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టే ప్రతి మనిషీ ఆరాధకుడేనా? సేవ చేస్తే రక్షణ దొరుకుతుందా? 2025 అక్టోబరులో 14వ లియో పోపు వెలువరించిన తొలి ప్రబోధ పత్రం పూర్తిగా పేదల పట్ల ప్రేమ గురించే. దాంతో ఈ ప్రశ్నలు కొత్తగా ముందుకొచ్చాయి. అయితే వీటి వయసు చాలా ఎక్కువ. క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దంలోనే ప్రవక్తలు వీటి మీద గొంతెత్తారు.

ఆ ఒక్క వాక్యంలో మూడు వేర్వేరు వాదనలు కలిసిపోయి ఉన్నాయి. పేదలను పట్టించుకోనివాడి ఆరాధనను దేవుడు స్వీకరించడు అన్నది ఒకటి. పేదలకు చేసే సేవ కూడా ఆరాధనలో ఒక రూపమే అన్నది రెండోది. సేవ ఉంటే చాలు, ప్రార్థనలూ కూడికలూ అక్కర్లేదు అన్నది మూడోది. మొదటి రెండింటికీ బైబిలులో గట్టి ఆధారం ఉంది, మూడోదానికి లేదు. కానీ మొదటి మాట అన్నవాడిని మూడోది అంటున్నాడని అనుమానిస్తారు. మూడోది నమ్మినవాడు మొదటి రెండింటి వచనాలనే తెచ్చి చూపిస్తాడు. సగం వాదన అక్కడే పుడుతుంది.

## ఆరాధన అనే మాటలోనే పని ఉంది

పాత నిబంధనలో ఆరాధనకు వాడే ముఖ్యమైన హీబ్రూ మాటల్లో 'అవోదా' ఒకటి. దాని అర్థం పని, సేవ, చాకిరి. ఐగుప్తులో ఇశ్రాయేలీయుల చేత ఇటుకలు చేయించిన వెట్టిచాకిరికి నిర్గమకాండము వాడిన మాట అదే. ఆ బానిసత్వం నుంచి బయటికొచ్చి కొండ దగ్గర దేవుణ్ని సేవించడానికి వాడిన క్రియ కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. ఫరోకు చేసిన చాకిరి పోయి దేవునికి చేసే సేవ వచ్చింది. పనినీ ఆరాధననీ వేరుచేసే గోడ ఆ భాషలో మనం అనుకున్నంత ఎత్తుగా లేదు.

కొత్త నిబంధన గ్రీకులో ఒక మాటకు బదులు చాలా మాటలున్నాయి. 'ప్రోస్కునేయో' అంటే సాగిలపడడం. సమరయ స్త్రీతో యేసు, ఆత్మతోను సత్యముతోను ఆరాధించాలని చెప్పినప్పుడు వచ్చిన మాట ఇది. 'లత్రేయా' అంటే దేవునికి చేసే సేవ. రోమా పత్రిక 12వ అధ్యాయంలో మీ శరీరాలను సజీవయాగంగా సమర్పించండి అంటూ పౌలు వాడిన ఈ మాటను తెలుగు బైబిలు 'సేవ' అనే అనువదించింది. యాకోబు పత్రికలో వచ్చేది 'థ్రేస్కేయా', అంటే పైకి కనిపించే మతాచారం, భక్తి. దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వారి ఇబ్బందిలో పరామర్శించడమే నిష్కళంకమైన భక్తి అని యాకోబు అన్నప్పుడు, ఆచారాలకు వాడే మాటనే తీసుకుని ఆచారాల బయట ఉన్న పనికి తగిలించాడు. అదే వాక్యంలో లోకమాలిన్యం అంటకుండా తనను తాను కాపాడుకోవడాన్నీ చేర్చాడు. ఆ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే చెప్పడం యాకోబుకు న్యాయం చేసినట్టు కాదు.

అన్నిటికంటే నన్ను ఆపిన మాట 'లేతూర్గియా'. గ్రీకు నగరాల్లో సంపన్నులు ప్రజల కోసం సొంత ఖర్చుతో చేసే పనికి ఆ పేరు ఉండేది. యుద్ధ ఓడను సిద్ధం చేయించడం, పండుగ నాటకాలకు గాయక బృందాన్ని పోషించడం లాంటివన్నమాట. తరువాత అదే మాట దేవాలయంలో యాజకుడు చేసే పరిచర్యకు వాడుకలోకొచ్చింది. క్రైస్తవ సంఘాలు తమ ఆరాధన క్రమానికి ఇప్పటికీ ఆ పేరే వాడుతున్నాయి. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా గురించి కొరింథీయులకు రాస్తూ పౌలు ఆ చందాకు ఈ మాటే వాడాడు. బీదల కోసం చేతులు మారిన డబ్బుకు యాజకుని పరిచర్యకున్న పేరు పెట్టాడు. ఫిలిప్పీయులు తనకు పంపిన సాయాన్ని దేవునికి ఇష్టమైన యాగమని, ఇంపైన సువాసన అని అన్నాడు. హెబ్రీ పత్రిక పెదవుల స్తుతినీ, ఉపకారమూ ధర్మమూ చేయడాన్నీ పక్కపక్క వచనాల్లో పెట్టి రెండింటినీ యాగాలనే పిలిచింది. రెండో వాదనకు ఆధారం అంటే ఇదే.

## బలిపీఠం పక్కన పరిచిన తాకట్టు బట్ట

మొదటి వాదన ప్రవక్తలది. మీ పండుగలు నాకు అసహ్యం, మీ పాటల ధ్వని నాకు వద్దు, న్యాయం నీళ్లలా పారనివ్వండి అని ఆమోసు ప్రవక్త నోట దేవుడన్న మాటలు చాలామందికి తెలుసు. ఆ కోపం ఎందుకో చూపించే వచనం మాత్రం అదే పుస్తకం రెండో అధ్యాయంలో ఉంది. అది అంతగా ప్రసంగాల్లోకి రాదు.

మోషే ధర్మశాస్త్రంలో ఒక నియమం ఉంది. బీదవాడి పైబట్టను అప్పుకు తాకట్టుగా తీసుకుంటే పొద్దు గుంకేలోపు తిరిగి ఇచ్చేయాలి. రాత్రి కప్పుకోవడానికి అతనికి వేరే ఏమీ లేదు. ఆమోసు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యంలో చూసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తాకట్టుగా తీసుకున్న బట్టలు పరుచుకుని జనం బలిపీఠాల పక్కనే పడుకుంటున్నారు. జరిమానాగా వసూలు చేసిన ద్రాక్షారసాన్ని తమ దేవుని మందిరంలోనే తాగుతున్నారు.

ఈ దృశ్యాన్ని కాస్త నిలిచి చూడాలి. ఇక్కడ ఆరాధన ఒక పక్కా, అన్యాయం ఇంకో పక్కా లేవు. ఆరాధనకు వేసిన పరుపే అన్యాయం. అదే సమయంలో ఎక్కడో ఒక మనిషి చలిలో వణుకుతున్నాడు. అతని బట్ట మాత్రం దేవుని సన్నిధిలో ఉంది. ఎనిమిదో అధ్యాయంలో ఇంకో రకం మనుషులు కనిపిస్తారు. విశ్రాంతిదినం ఎప్పుడు అయిపోతుందా, కొలపాత్ర చిన్నది చేసి, తూకం పెద్దది చేసి ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని చూస్తుంటారు. వాళ్లు విశ్రాంతిదినాన్ని మీరలేదు, ఆచారం తు.చ. తప్పలేదు.

అంటే ప్రవక్తలు బలులనే కొట్టిపారేశారా? అలా చదివే పండితులు ఉన్నారు. ఆమోసు, హోషేయ, యెషయా, మీకా మాటల తీవ్రత చూస్తే ఆ వాదనను తేలిగ్గా తీసేయలేం. కానీ ఎదురు సాక్ష్యమూ ఉంది. 'మీ బలులు నాకెందుకు' అన్న యెషయాకు పిలుపు వచ్చిన దర్శనం దేవాలయంలోనే జరిగింది. అక్కడి బలిపీఠం మీది నిప్పే అతని పెదవులకు తగిలింది. గుడ్డి జంతువునూ కుంటి జంతువునూ బలికి తెస్తారా అని మలాకీ ప్రవక్త మండిపడ్డాడు. ఆరాధన అక్కర్లేని దేవుడైతే ఆ కోపానికి అర్థం లేదు. ప్రవక్తలు విడదీయవద్దన్న రెండింటిలో ఒకదాన్ని పారేయమని వాళ్ల పేరు మీద చెప్పడం సరికాదని నాకు అనిపిస్తుంది.

## పండుగకూ పేదకూ ఒకే దశమభాగం

ఈ రెండూ ధర్మశాస్త్రంలో ఎలా కలిసి ఉన్నాయో ఒక లెక్కతో చూద్దాం. ఒక రైతుకు ఏటా నూరు బస్తాల ధాన్యం పండిందనుకోండి. అందులో పదో వంతు, అంటే పది బస్తాలు, దేవునికి ప్రతిష్ఠితం. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం ప్రకారం మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం ఆ పది బస్తాలనూ, లేదా వాటిని అమ్మిన డబ్బునూ, దేవుడు ఏర్పరచుకున్న స్థలానికి తీసుకెళ్లి ఇంటిల్లిపాదీ అక్కడ దేవుని ఎదుట తిని సంతోషించాలి. మూడో సంవత్సరం ఆ పది బస్తాలు ఊళ్లోనే ఉంచాలి. లేవీయులు (దేవాలయ సేవ చేసే గోత్రంవారు), పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తిపొందాలి.

ఆ మూడో ఏడాది భాగాన్ని ఇచ్చేశాక రైతు దేవుని సన్నిధిలో ఒక ప్రకటన చేయాలి. ప్రతిష్ఠితమైన దాన్ని ఇంట్లో ఉంచుకోకుండా వీళ్లకిచ్చానని చెప్పాలి. విధవరాలి చేతికి వెళ్లిన ధాన్యాన్ని 'ప్రతిష్ఠితం' అంటున్నారు. గుడికి వెళ్లినదానికి ఎంత పవిత్రతో దీనికీ అంతే. ఈ దశమభాగాలన్నీ ఒకటేనా, వేర్వేరా అన్న చర్చ ఉంది. యూదుల సంప్రదాయం వాటిని విడివిడిగా లెక్కించి, ఏడేళ్ల చక్రంలో మూడో, ఆరో సంవత్సరాలను పేదల భాగానికి కేటాయించింది. ఎలా లెక్కించినా విందు లేకుండా పేదల భాగం లేదు, పేదల భాగం లేకుండా విందు లేదు.

## "ఎప్పుడు చూశాం ప్రభువా?"

మత్తయి 25వ అధ్యాయంలోని తీర్పు దృశ్యం ఈ విషయంలో అందరూ తెరిచే పేజీ. ఆకలి, దప్పిక, పరదేశిగా ఉండడం, వస్త్రహీనత, రోగం, చెరసాల. ఈ ఆరింటిలో ఉన్నవారికి చేసింది తనకే చేసినట్టు అని రాజు అంటాడు. కుడివైపు ఉన్నవాళ్లూ ఎడమవైపు ఉన్నవాళ్లూ ఒకే ప్రశ్న వేస్తారు: నిన్ను ఎప్పుడు చూశాం? సేవ చేసినవాళ్లకు కూడా తాము ఎవరికి చేశామో తెలియదు. ఇది ఆరాధనైతే, చేసేటప్పుడు అది ఆరాధనని తెలియని ఆరాధన.

చిక్కు ఎక్కడంటే, "మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులు" ఎవరు? కష్టంలో ఉన్న ఏ మనిషైనా అని ఒక వ్యాఖ్యానం. ఇవాళ ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. యేసు శిష్యులూ, ముఖ్యంగా సువార్త కోసం తిరుగుతూ ఆకలికీ చెరకూ గురైనవాళ్లూ అని రెండోది. రెండోదాన్ని స్వార్థపు చదువు అని తోసేయలేం. మత్తయి సువార్తలో యేసు 'సహోదరులు' అని తన శిష్యులనే అంటాడు. ఈ చిన్నవారిలో ఒకనికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినా ప్రతిఫలం పోదని 10వ అధ్యాయంలో అన్నది కూడా శిష్యుల గురించే. మొదటిదానికి బలం, ఆ దృశ్యంలో సమస్త జనములు నిలబడి ఉండడం. రెండో వ్యాఖ్యానమే సరైనదని తేలినా పేదల పట్ల బాధ్యత తగ్గదు. లూకా 10వ అధ్యాయంలో, దొంగలు కొట్టి పడేసిన మనిషిని ఆదుకున్న మంచి సమరయుడి కథ 'నా పొరుగువాడు ఎవడు' అన్న హద్దును ముందే చెరిపేసింది. ఆ కథలో పక్కనుంచి వెళ్లిపోయిన ఇద్దరూ దేవాలయ సేవకులే, ఒకడు యాజకుడు, ఒకడు లేవీయుడు.

"కనికరమునే కోరుచున్నాను గాని బలిని కోరను" అన్న హోషేయ మాటను మత్తయి సువార్తలో యేసు రెండుసార్లు ఎత్తి చెప్పాడు. అయితే అదే సువార్తలో, బలిపీఠం దగ్గర నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే అర్పణను అక్కడే విడిచి వెళ్లి సమాధానపడు, తరువాత వచ్చి అర్పించు అని కూడా అన్నాడు. 'తరువాత వచ్చి' అన్న మాట ముఖ్యం. అర్పణ రద్దు కాలేదు.

## మున్నూరు దేనారాల అత్తరు

మూడో వాదనకు అసలు పరీక్ష బేతనియలో ఒక స్త్రీ యేసు మీద అత్తరు పోసిన సంఘటన. దాన్ని మున్నూరు దేనారాల (ఆనాటి రోమా వెండి నాణేల) కంటే ఎక్కువకు అమ్మి బీదలకు ఇవ్వవచ్చు కదా అని అక్కడివాళ్లు కోపపడ్డారని మార్కు రాశాడు.

వాళ్ల లెక్క తప్పు కాదు. యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో రోజు కూలి ఒక దేనారం. సంవత్సరంలో విశ్రాంతిదినాలు తీసేస్తే మిగిలేది సుమారు 313 రోజులు. అంటే ఆ సీసా విలువ ఒక కూలివాడి ఏడాది సంపాదన. యోహాను సువార్తలో ఐదువేలమంది పురుషులున్న గుంపుకు తలా కొంచెం పెట్టాలంటే రెండు వందల దేనారాల రొట్టెలు కూడా చాలవని ఫిలిప్పు అంచనా వేశాడు. మున్నూరుతో ఎంతమంది కడుపు నింపవచ్చో ఊహించుకోవచ్చు. అయినా యేసు ఆ స్త్రీ పక్షాన నిలబడి, ఆమె చేసింది మంచి కార్యమన్నాడు. సేవ ఒక్కటే ఆరాధన అయితే ఆమెను ఆయన మందలించి ఉండాల్సింది.

"బీదలు ఎప్పుడూ మీతో ఉంటారు" అన్న మాట ఇక్కడిదే. పేదరికం ఎలాగూ పోదు, వదిలేయండి అనడానికి దీన్ని వాడడం నన్ను చాలా బాధపెడుతుంది. ఇది ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయపు ప్రతిధ్వని. అక్కడ బీదలు దేశంలో ఉండక మానరు అన్న వెంటనే, కాబట్టి నీ చెయ్యి తప్పక చాపాలి అని ఉంది. మార్కులోనూ అదే వచనంలో, మీకు ఇష్టమైనప్పుడెల్లా వారికి మేలు చేయవచ్చు అన్న మాట ఉంది. యేసు ఆ స్త్రీని సమర్థించాడు గానీ పేదలను పక్కన పెట్టలేదు.

## సేవ రక్షణకు మార్గమా, ఫలమా?

16వ శతాబ్దంలో పాశ్చాత్య క్రైస్తవ సంఘం కతోలికులుగా, ప్రొటెస్టంట్లుగా చీలినప్పుడు ఈ ప్రశ్న అందులో నడిబొడ్డున ఉంది. విశ్వాసం వల్లనే, కృప చేతనే నీతిమంతులుగా తీర్చబడతామన్నది ప్రొటెస్టంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ మాట. క్రియలు ఆ విశ్వాసానికి కాసే కాయలు. విశ్వాసం ప్రేమ చేత సజీవమవుతుందని, కృపలో చేసిన క్రియలకు నీతిలో ఎదుగుదలతో సంబంధం ఉందని కతోలిక సంఘం ట్రెంట్ మహాసభలో చెప్పింది. లూథర్ మాటను పట్టుకుని ప్రొటెస్టంట్లకు పేదలు ముఖ్యం కాదనడం చరిత్రకు విరుద్ధం. 1517లో లూథర్ రాసిన 95 సూత్రాల్లో 43వది, పాపపరిహార పత్రాలు కొనడం కంటే పేదవాడికి ఇవ్వడం మేలని చెబుతుంది. 1523లో లైస్నిగ్ పట్టణంలో సంఘ ఆదాయాన్ని ఒక ఉమ్మడి నిధిలో చేర్చి పేదల పోషణకు వాడే ఏర్పాటుకు ఆయన మద్దతిచ్చాడు. నీతిమత్వం గురించి 1999లో లూథరన్, కతోలిక సంఘాలు ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. వివాదం పూర్తిగా తీరలేదు గానీ, క్రియలు లేని విశ్వాసాన్ని ఏ పక్షమూ సమర్థించదు.

## పట్టువస్త్రమా, చలిలో ఉన్నవాడా?

సుమారు 155లో రోములో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత తన సమర్థన గ్రంథంలో ఆదివారపు ఆరాధనను వర్ణించాడు. లేఖనాలు చదవడం, ప్రబోధం, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం. అదే వర్ణనలో ఉన్నవాళ్లు ఇష్టపూర్వకంగా ఇచ్చింది అధ్యక్షుడి దగ్గర ఉంచితే, ఆయన దానితో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకుంటాడని ఉంది. చందా, పంపకం ఆరాధన తరువాతి పని కాదు, ఆ ఆదివారంలో భాగమే.

నాలుగో శతాబ్దం చివర అంతియొకయలో జాన్ క్రిసోస్తం అనే ప్రసంగీకుడు మత్తయి సువార్త మీద ప్రసంగిస్తూ, లోపల బల్ల మీది క్రీస్తు శరీరాన్ని పట్టువస్త్రాలతో గౌరవించి బయట చలిలో బట్టల్లేక ఉన్న ఆయన్ను వదిలేయకండి అన్నాడు. ఇది నా శరీరం అని చెప్పిన నోరే, నేను ఆకలిగొన్నప్పుడు మీరు పెట్టలేదు అని కూడా చెప్పిందన్నది ఆయన వాదన. ఇక్కడ చాలామంది ఆపేస్తారు. తరువాత ఆయన, కానుకలు వద్దనడం లేదు, వాటితో పాటు, వాటికంటే ముందు, పేదలకు చేయండి అన్నాడు. ఆయన అడిగింది వరుస మార్చమని.

మన కాలంలో వాదన ఇంకో మలుపు తిరిగింది. దానం చేస్తే సరిపోతుందా, పేదరికాన్ని పుట్టించే వ్యవస్థల్ని కూడా ప్రశ్నించాలా? లాటిన్ అమెరికా బిషప్పులు 1968లో మెడెయిన్‌లో, 1979లో ప్యూబ్లాలో పేదల పక్షం అనే భాషను ముందుకు తెచ్చారు. పేదల విముక్తిని కేంద్రంగా చేసుకున్న విమోచన వేదాంతంలో మార్క్సిస్టు విశ్లేషణ పాలు గురించి 1984లో వాటికన్ హెచ్చరించింది. 1974లో లోజాన్‌లో ఎవాంజెలికల్ (సువార్త ప్రకటనకు పెద్దపీట వేసే ప్రొటెస్టంట్) నాయకులు చేసిన ఒడంబడిక, సువార్త ప్రకటన, సామాజిక బాధ్యత రెండూ క్రైస్తవ కర్తవ్యాలేనని, అయితే ఒకటి ఇంకొకటి కాదని చెప్పింది. 1950లో మిషనరీస్ ఆఫ్ చారిటీని స్థాపించిన మదర్ తెరెసా తాము సంఘసేవకులం కాదని పదేపదే అనేవారు. ఆ సిస్టర్ల రోజు ప్రార్థనతోనే మొదలవుతుంది.

## ఇచ్చే చేతికి ఉన్న ప్రమాదం

సేవను ఆరాధన అన్నప్పుడు ఒక ప్రమాదం ఉంది. పేదవాడు నా భక్తికి పనిముట్టు అయిపోవచ్చు. నా ఆస్తంతా బీదల పోషణకు ఇచ్చినా ప్రేమ లేకపోతే నాకు ప్రయోజనం లేదని పౌలు రాసింది అందుకే. సాయానికి షరతు పెట్టడం ఇంకో ప్రమాదం. మా కూడికకు వస్తేనే ఇస్తాం అనేవాళ్లు లూకా 17వ అధ్యాయం చదవాలి. యేసు పదిమంది కుష్ఠరోగులను బాగుచేశాడు, ఒక్కడే తిరిగొచ్చి దేవుణ్ని మహిమపరిచాడు. తొమ్మిదిమంది ఎక్కడ అని యేసు అడిగాడు. ఆ ప్రశ్నలో నొప్పి ఉంది. కానీ వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు.

## కొరింథులో ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లు

ఈ దారాలన్నీ ఒకచోట ముడిపడిన సందర్భం కొరింథు సంఘంలో ఉంది. అక్కడ ప్రభురాత్రి భోజనం, అంటే ప్రభువు బల్ల, నిజంగా భోజనమే. ఉన్నవాళ్లు తమది తాము ముందే తినేస్తున్నారు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లు బానిసలూ కూలీలూ అయి ఉంటారని, పని ముగిసేదాకా కదలడానికి వీల్లేనివాళ్లని చాలామంది పండితుల అంచనా. అక్కడ ప్రార్థన ఉంది, రొట్టె ఉంది, పాత్ర ఉంది. అయినా పౌలు, మీరు కూడి వచ్చి తినేది ప్రభువు రాత్రి భోజనం కానే కాదు అన్నాడు. లేనివారిని సిగ్గుపరుస్తున్నారా అని నిలదీశాడు.

ఇక్కడ పేదలు మందిరం బయట చెయ్యి చాపి నిలబడినవాళ్లు కారు. వాళ్లూ ఆరాధకులే, అదే బల్లకు పిలుపు అందుకున్నవాళ్లు. పౌలు కూడిక మానేయమనలేదు, ఆ డబ్బు పంచిపెట్టి ఇళ్లకు పొమ్మనలేదు. తీర్పు గురించి అంత భయంకరమైన మాటలన్నీ రాశాక చివరికి అడిగింది చాలా చిన్న సంగతి. నా సహోదరులారా, భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి, అన్నాడు.